మనామాలో ఐసుదిమ్మ

స్టూడియో వాళ్లు రీళ్ల పెట్టెతో పాటు
లావుపాటి పుస్తకమొకటి పంపేవారు,
సినిమాని ఊళ్లో ఎలా చాటాలో చెప్పే పుస్తకం.
ఇంగ్లీషు. గోవా ఆపరేటరు బెర్నార్డు చదివి
హిందూస్తానీలో చెప్తుంటే నేను తలూపేవాణ్ణి.
ఫైరింజను అద్దెకు తెమ్మంది ఒకసారి.
మాకు గాడిదబండి దొరికింది.
ఏనుగుని ఊరేగించమంది ఇంకోసారి.
అదే గాడిదకి తొండం కట్టాం.

భీమిలిలో నాటకాలకి తెరలు రాసిన చెయ్యి నాది.
అడవి తెర, అంతఃపురం తెర, కైలాసం తెర.
బొంబాయి మీదుగా ఓడెక్కి ఇక్కడికొచ్చాక
తలుపంత చెక్కల మీద దొరసానుల మొహాలు రాశాను.
భుజాలు కనబడితే మునిసిపాలిటీ మనిషొచ్చి
వేలు చూపించేవాడు.
నేను నిచ్చెనెక్కి చేతులు తొడిగేవాణ్ణి.
ఆ ఏడాది హాలీవుడ్ తారలందరికీ
భీమిలి కుట్టు జాకెట్లే.

ఆగస్టులో దిగింది మంచు సినిమా.
లాబీలో మంచు కురిపించండి, అంది పుస్తకం.
హాలు యజమాని హాజీ మన్సూర్
పరుపులవాడి దగ్గర రెండు బస్తాల దూది కొన్నాడు.
సముద్రపు ఉక్కకి తడిసి
అది జబ్బు చేసిన గొర్రెలా గుమ్మానికి వేలాడింది.
నేను రాసిన కొండలూ అంతంతమాత్రమే.
మంచు ఎరిగినవాణ్ణా నేను?
కైలాసం తెర గుర్తుచేసుకుని
శివుణ్ణి తీసేశాను.

హాజీకి ఒళ్లు మండి ఐసు ఫ్యాక్టరీకి కబురు పెట్టాడు.
తెల్లారేసరికి, గోనెపట్టాల్లో చుట్టి,
దూడంత దిమ్మ దిగింది గుమ్మంలో.
దాని కడుపులో గడ్డకట్టిన నాయిక ఫోటో.
పక్కన నా అరబ్బీ అక్షరాలు,
అర్థం తెలియకుండా, ముగ్గు చూసి ముగ్గేసినట్టు:
ఈమె మొహం బయటపడే వేళ సరిగ్గా చెప్పినవారికి
ఆరణాల టికెట్లు రెండు ఉచితం.

టికెట్ల కోసం ఎవరూ రాలేదు.
ముట్టుకోడానికొచ్చారు.
హమాలీలు వరసగా నుదురు ఆనించారు.
కుర్రాళ్లు నాకి, ఉప్పు లేదే, అని అరిచారు.
జ్వరపు బిడ్డని చంకనేసుకొచ్చిన ఒకావిడ
అబాయా కొసలో ఒక్క పెచ్చు వెయ్యమంది.
హాజీ సుత్తి నా చేతికిచ్చి
అటు తిరిగి గల్లా లెక్కపెట్టుకున్నాడు.
నాయిక చెవి దగ్గర కొట్టాను.

ముత్యాల వేట మానేసిన ముసలి మర్హూన్
దిమ్మ మీద అరచెయ్యి పెట్టి ఎంతకీ తియ్యలేదు.
సముద్రం అడుగున మంచినీటి ఊటలున్నాయి,
తోలుసంచి మూతి విప్పి పట్టుకునేవాళ్లం,
అక్కడ నీళ్లు ఇలాగే తగిలేవి, అన్నాడు.
లోతులు అతని చెవులు తినేశాయి.
అందుకని గట్టిగా అన్నాడు, బజారంతా విన్నది.

మధ్యాహ్నం నమాజుకి ముందే మొహం బయటపడింది.
వేళ ఎవరూ రాసుకోలేదు.
రంగు వదిలిన ఫోటో మడుగులో తేలింది,
దాని చుట్టూ ఒక పిల్లి నీళ్లు తాగి వెళ్లింది.

రాత్రి ఆటకి మర్హూన్‌ని హాజీ ఊరికే లోపలికి పంపాడు.
నా పక్క బెంచీ.
తెర మీద తుపాను. నాయిక వణుకుతోంది.
జుట్టు మీద మంచు, రెప్పల మీద మంచు.
హాల్లో దగ్గు కూడా లేదు.
మర్హూన్ నా డొక్కలో పొడిచి
చెవిటి గొంతుతో, హాలు హాలంతటికీ, అడిగాడు:
"పొద్దున దిమ్మ పొగలు కక్కింది.
దీనికి పొగేదీ?"

అప్పుడు కనబడ్డాడు నాకు,
చట్రానికి పైన, కెమెరా కంట పడకుండా,
నిచ్చెన మీద నాబోటివాడు ఒకడు,
బుట్టలోంచి దూదో సున్నమో పిడికిళ్లతో జల్లుతూ,
చెమట తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేక.

చెబుదామంటే మర్హూన్‌కి వినబడదు.
గాల్లో గుప్పిలి విప్పి జల్లి చూపించాను.
కాసేపు నా చేతిని చూసి, మళ్లీ తెర చూశాడు.

మరుసటి వారం ఎడారి సినిమా.
లాబీలో ఇసుక పొయ్యమంది పుస్తకం.